పులి పరువు

మార్కాపురం వైపు కుర్రాడు బాగా చదివితే "వాడు లెక్కల్లో పులి" అంటారు. కబడ్డీ ఆడితే కూతలో పులి. ఇంట్లో రంకెలేసి బయట నోరు మెదపనివాడు "ఇంట్లో పులి, వీధిలో పిల్లి". అక్కడా తిట్టు పడేది పిల్లికే. రచ్చబండ మీద పులి-మేక ఆటలో మేకలు చస్తాయి గానీ పులి చావదు. పదిహేను మేకలూ కలిసి మూడు పులుల్ని కదలకుండా కట్టేయాలి, అంతే. మొత్తం మీద ఆ మేకవన్నె పులి ఒక్కటే దాని వంశానికి మచ్చ.

దోర్నాల దాటితే నల్లమలలో నిజం పులే ఉంది. 1983లో ప్రాజెక్ట్ టైగర్‌లో చేరిన నాగార్జునసాగర్-శ్రీశైలం అడవి, విస్తీర్ణంలో దేశంలోని పులుల అభయారణ్యాలన్నిటికన్నా పెద్దది. మార్కాపురం, గిద్దలూరు డివిజన్ల సిబ్బందికి, వాళ్లతో తిరిగే చెంచులకు పులి అడుగులు వెతకడం రోజువారీ పని.

పులిని చూసి నక్క వాతలు పెట్టుకుందని మన సామెత. పశువుకు జబ్బు చేస్తే ఇనుము కాల్చి వాతలు పెట్టడం చూసినవాళ్లకు ఆ మాట వింటేనే ఒళ్లు చుర్రుమంటుంది. చైనావాళ్లకూ ఒక నక్క ఉంది, కానీ అది ఘటికురాలు. తనను తినబోయిన పులితో "అడవికి నేనే పెద్దను, కావాలంటే నా వెనకాలే వచ్చి చూడు" అంటుంది. జంతువులన్నీ పులిని చూసి పరుగెడతాయి. పులి మాత్రం నక్కను చూసే అనుకుంటుంది! దొరగారి పేరు చెప్పి జనాన్ని బెదిరించే బంట్రోతును అక్కడ ఆ నక్కతో పోలుస్తారు. అంత అమాయకపు పులి మన సామెతల్లో నాకు తగల్లేదు. ఎక్కాక దిగలేని పులి స్వారీ మాత్రం ఇద్దరికీ ఒకటే.

కాగితం పులి వాళ్లదే. 1946లో అమెరికా విలేకరి అన్నా లూయీ స్ట్రాంగ్‌తో మాట్లాడుతూ మావో అణుబాంబును అలా తీసిపారేశాడు. ఎర్రజెండా సభల మీదుగా ఆ మాట తెలుగులోకి, నల్లమలకూ వచ్చింది. 2004 అక్టోబరులో ప్రభుత్వంతో చర్చలకని నక్సలైటు నాయకులు బయటికొచ్చింది అక్కడి చిన ఆరుట్ల దగ్గరే. అడవిలో నిజం పులి, ఉపన్యాసంలో కాగితం పులి.

ఇంగ్లీషు నేర్చుకునే చైనా విద్యార్థి తికమక ఇంకో రకం. ఇంగ్లీషువాళ్లు ఆసియా పులులనే దక్షిణ కొరియా, తైవాన్, హాంకాంగ్, సింగపూర్ అతని భాషలో నాలుగు చిన్న డ్రాగన్లు. పులి అనే మాట అక్కడ ఒక్కోసారి తిట్టు కూడా. పెద్ద కుర్చీలో కూర్చుని లంచం మేసినవాడు పులి, చిల్లర లంచగొండి ఈగ. 2013లో షీ జిన్‌పింగ్ రెంటినీ వదలనన్నాడు.

మన పత్రికల్లో అదే మనిషి తిమింగలం. సముద్రం ఎక్కడో ఒంగోలు అవతల, పులి మన పొలిమేరలో. అయినా ఏసీబీ వలలో పడేది తిమింగలమే. విలేకరులకు నా మనవి ఒక్కటే: ఈ అలవాటు మార్చకండి. లంచగొండికి పులి పేరు పెట్టకండి.