ఏకాక్షికి తెలుగొచ్చా?

“అంకుల్, మాంత్రికుడు కూడా తెలుగే మాట్లాడతాడా?”

అడిగింది ఆరో తరగతి పిల్ల. వెటకారం కాదు, నిఖార్సయిన సందేహం. బ్యాంకు కౌంటరు వెనక ముప్పై ఏళ్లు కూర్చుని ఎవరేమడిగినా ఠక్కున జవాబు చెప్పినవాణ్ణి. దీనికి మాత్రం తడుముకున్నాను.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి, చెన్నై వలసరవాక్కంలో మా అపార్టుమెంటు మిద్దె మీద, రేకుల షెడ్డు కింద మా తెలుగు క్లాసు. పిల్లలు తొమ్మిది మంది. కొందరిది నెల్లూరు, కొందరిది చిత్తూరు, అమ్మానాన్నల ఉద్యోగాల వెంట వచ్చినవాళ్లు. ఇద్దరివి మాత్రం నాలుగు తరాలుగా మద్రాసులోనే పాతుకుపోయిన కుటుంబాలు. ఆ ఇళ్లలో తెలుగు మాట్లాడతారు గానీ చదవడం తాతలతోనే ఆగిపోయింది. బళ్లో అందరికీ ఇంగ్లీషూ తమిళమూ. 2006లో వచ్చిన చట్టంతో ఒకటో తరగతి మొదలుకొని ఏడాదికో తరగతి చొప్పున తమిళం తప్పనిసరి అయింది. తమిళనాట ఉంటూ తమిళం నేర్చుకోవడం మీద నాకు పేచీ ఏమీ లేదు. మా అబ్బాయి నాకంటే మంచి తమిళం మాట్లాడతాడు. కాకపోతే తెలుగుకు మిగిలింది ఆదివారం, అందులోనూ టిఫినుకీ క్రికెట్టుకీ మధ్య గంటన్నర.

అక్షరాలూ గుణింతాలూ అయ్యాక ఏం చదివించాలన్నది తేలలేదు. నీతికథలు రెండు వారాల్లో మొహం మొత్తాయి. కథ సగంలో ఉండగానే నీతి ఏమిటో పిల్లలే చెప్పేస్తున్నారు. అప్పుడు అటక మీది బైండు గుర్తొచ్చింది. 1985లో మూర్ మార్కెట్ తగలబడక ముందు అక్కడ పాత పుస్తకాల దుకాణంలో కొన్నది. ‘చందమామ’లోంచి చింపి ఎవరో శ్రద్ధగా కుట్టించుకున్న ‘తోకచుక్క’ సీరియల్.

1954 నాటి సీరియల్ అది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి, మద్రాసు మనకు దక్కదని తేలిపోయిన మరుసటి ఏడాది. ఊరు దక్కకపోయినా పత్రిక మాత్రం అప్పుడు మద్రాసు వదలలేదు. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి తెలుగులో చందమామనీ తమిళంలో అంబులిమామనీ మొదలుపెట్టారు. 1952 నుంచి చనిపోయేదాకా, అంటే 1980 దాకా, దాన్ని నడిపించిన కలం కొడవటిగంటి కుటుంబరావుది. తరవాతి రోజుల్లో విప్లవ రచయితల సంఘంలో చేరిన మనిషి నెలనెలా భేతాళుణ్ణి చెట్టు దింపుతూ కూర్చోవడం తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది. తోకచుక్క రాసింది దాసరి సుబ్రహ్మణ్యం. ఆయన ఆ ఆఫీసులోనే అర్ధశతాబ్దం గడిపి 2010లో పోయారు. మకర దేవత, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళ దుర్గం, భల్లూక మాంత్రికుడు, ఇలా డజను దాకా సీరియల్స్ ఆయనవే. నెలనెలా వాటి కోసం కాచుకు కూర్చున్న పిల్లలకు ఆ పేరే తెలియదు, సీరియల్ మీద వేసేవారు కాదు కనక. మా క్లాసు పిల్లలు జిరాక్స్ కాగితాన్ని తిప్పి తిప్పి చూసి, “రాసిందెవరు?” అంటే నేనే బోర్డు మీద రాశాను.

మొదటి రెండు వారాలూ చేయవలసిన తప్పులన్నీ చేశాను. మొదటి వారం కఠిన పదాలకు అర్థాలు. అరిష్టం, సేనాని, లంగరు, ఇలా పన్నెండు మాటలు బోర్డెక్కించి నోట్సు రాయించాను. రెండో వారం కథానాయకుడి మీద ప్రశ్నలు. సమరసేనుడి గుణగణాలు వర్ణించుము. ‘వర్ణించుము’ అనే రాశాను, చెయ్యి దానంతటదే రాసేసింది. వ్యావహారికంలో పిల్లలకు కథ చెప్పిన పత్రికని తీసుకొచ్చి గ్రాంథికంలో ప్రశ్న వేసిన ఘనుణ్ణి నేను.

ఆ పూటే ఈ ఆరో తరగతి పిల్ల తన బడి వర్క్‌షీటు ఒకటి చూపించి సాయం చేయమంది. ఇంగ్లీషు క్లాసులో వాళ్లకు నార్నియా కథ, బీరువాలోంచి మంచుదేశంలోకి వెళ్లే నలుగురు పిల్లలది. 1950లో వచ్చిన పుస్తకం, మన తోకచుక్కకు నాలుగేళ్లు పెద్ద. వర్క్‌షీటులో ఉన్నదేమిటంటే, తెల్ల మంత్రగత్తె పాత్రచిత్రణ ఎనభై మాటల్లో, ఆ పైన ఖాళీలు పూరించడం. “కథ బాగుందా?” అన్నాను. “పరీక్షకి ఉంది అంకుల్” అంది. బాగుందీ లేదూ అనే విభాగమే ఆ పిల్ల బుర్రలో లేదు. ఆ బడిని అని ఏం లాభం, మిద్దె మీద నేను వండుతున్నదీ అదే వంట.

మూడో వారం బోర్డు తుడిచేసి, ఊరికే చదివాను.

కుండలినీ ద్వీపం, ఆకాశంలో తోకచుక్క, భయపడ్డ జనం, సమరసేనుడి ఓడలు, మంత్రాల ద్వీపం. భాగం ఎక్కడ ఆగితే అక్కడ ఆపి, బైండు సంచిలో పెట్టేశాను. గోల. మొత్తం నెట్‌లో ఉండే ఉంటుందని ఒకడన్నాడు. ఉందని నాకు తెలుసు, చెప్పలేదు. చందమామ పాఠకుడు నెల ఆగేవాడు, వీళ్లు వారం ఆగలేరా!

తోకచుక్క దగ్గరే ఒక చిన్న యుద్ధం జరిగింది. ఎనిమిదో తరగతి కుర్రాడు లేచి, అది మంచూ దుమ్మూ కలిసిన ముద్ద, దానికి భయపడటమేమిటి, ఈ రాజుకి సైన్సు రాదా అన్నాడు. వాణ్ణి మెచ్చుకుని, 1986లో హేలీ తోకచుక్కను చూద్దామని తెల్లారుజామున మిద్దెక్కి, మబ్బు తప్ప ఏమీ కనపడక దిగివచ్చిన నా కథ చెప్పాను. మళ్లీ 2061లో వస్తుందన్నాను. అందరూ వేళ్ల మీద లెక్కలు. ఒకడికి నలభై ఏడు, ఒకడికి నలభై తొమ్మిది. “మీకెంత అంకుల్?” అన్నారు. సమరసేనుడి ఓడ బయల్దేరిపోతోందని పాఠంలోకి దూకాను.

ఇక మాంత్రికుడి భాష సంగతి.

ఈ పిల్లలు మాంత్రికుల్ని ఎరగనివాళ్లు కారు. హ్యారీ పాటర్‌ని పుస్తకంలోనూ తెర మీదా చూసినవాళ్లే. కాకపోతే వాళ్ల లెక్కలో మంత్రం ఇంగ్లీషుది, ఫైటింగు తమిళానిది, తెలుగు అమ్మమ్మది. తెలుగు అంటే తెలిసినవాళ్లు తెలిసినవాళ్లతో ఇంటి లోపల మాట్లాడుకునేది. ముక్కూమొహం తెలియని మనిషి ఎదురై, కత్తి దూసి, తెలుగులో ఎవడ్రా నువ్వని గద్దించడం వాళ్ల అనుభవంలోనే లేదు. సెక్యూరిటీవాడూ ఆటోడ్రైవరూ పానీపూరీ బండివాడూ ఎవరూ ఆ పని చేయరు. అందుకే ఒంటికన్ను మాంత్రికుడు ఏకాక్షి తెలుగులో బెదిరించేసరికి ఆ పిల్లకు అంత ఆశ్చర్యం.

ఇంకొకటి కూడా నాకు ఆలస్యంగా తట్టింది. ఇంట్లో వీళ్ల చెవిన పడే తెలుగు క్రియలన్నీ ఆజ్ఞలే. లే, తిను, స్నానం చెయ్యి, ఫోను పక్కన పెట్టు, చదువుకో. ఆజ్ఞకు ఎదురు మాట తమిళంలోనో ఇంగ్లీషులోనో చెప్పేస్తారు. ‘వెళ్లాడు, చూశాడు, ఉలిక్కిపడ్డాడు’ అనే అవసరం వంటింట్లో ఎవరికొస్తుంది? భూతకాలం లేని తెలుగు వీళ్లది. సీరియల్లో ప్రతి భాగానికీ మొదట, వెనక జరిగిన కథ నాలుగు ముక్కల్లో ఉంటుంది కదా, దాన్ని చదవడం మానేసి వారానికొకరి చేత చెప్పించడం మొదలుపెట్టాను. మొదట్లో “సమరసేనుడు గో అయ్యాడు” అన్నవాడు రెండు నెలలకు “సమరసేనుడు పోయినాడు, పోయి ఆడ చూసినాడు” అన్నాడు. చిత్తూరు యాస. వాళ్ల తాత గొంతు ఆ నోట పలికినట్టయింది. దిద్దడానికి నాకు మనసొప్పలేదు.

వ్యాకరణం అక్కర్లేదని అననుగానీ, పిలవకుండానే వచ్చింది. ఏకాక్షికి శత్రువు చతుర్నేత్రుడు. పేర్లు విడదీసింది వాళ్లే. ఏక అంటే ఒకటి, అక్షి అంటే కన్ను. మరి అక్షి, నేత్రం రెండూ కన్నేనా? అయితే మూడు కళ్లవాడు? ద్వినేత్రుడంటే మనందరం. కళ్లజోడు పెట్టుకున్న కుర్రాడొకడు ఛాతీ విరుచుకుని నేనే చతుర్నేత్రుణ్ణన్నాడు. బళ్లో నాలుక్కళ్లోడని ఏడిపిస్తుంటే చిన్నబుచ్చుకునేవాడట. ఆ రోజు నుంచి హాజరుపట్టీలో తన పేరు అదే. సంధి పేరు నేను చెప్పలేదు, వాళ్లూ అడగలేదు.

మా క్లాసులో పదో విద్యార్థి పక్క ఫ్లాట్ తమిళ తాతగారు. మిద్దె మీద వడియాలు, అదే వాళ్ల వడగం, ఎండబెట్టడానికి వచ్చి, పిల్లాడి చేతిలో జిరాక్స్ కాగితం చూసి ఆగిపోయారు. బొమ్మ నల్లగా అలుక్కుపోయింది, అయినా పోల్చుకున్నారు. చందమామకు ఎన్ని భాషలున్నా చిత్రా, శంకర్‌ల బొమ్మలు ఒకటే, పక్కన అక్షరాలే మారేవి. ఆయన చదివింది అంబులిమామ. ఒక్క తెలుగు అక్షరం రాని మనిషి మాంత్రికుడి మీద వేలు పెట్టి, వీడు తర్వాత ఏం చేస్తాడో తెలుసా అని తమిళంలో మొదలుపెట్టగానే, తొమ్మిది గొంతులూ ఒక్కసారి “తాతా, సొల్లాదీంగ!” అని అరిచాయి. చెప్పొద్దని తమిళంలో ప్రాధేయపడింది తెలుగు కథ కోసం. అప్పటినుంచి ఆయన కుర్చీ ఆయన తెచ్చుకుంటారు. సగం అర్థమవుతుందట, మిగతా సగం గుర్తుందట.

ఒకసారి ఊరికే అన్నాను, మీరు సినిమాకెళ్లే వడపళని మాల్ ఉంది చూడండి, అదంతా ఒకప్పుడు విజయా వాహినీ స్టూడియో నేల, ఈ చందమామ వాళ్లదే, 1951లో వచ్చిన పాతాళభైరవి అక్కడే తీశారు, మాంత్రికుడు అక్కడే తిరిగాడు అని. ఎవరూ నమ్మలేదు. మంత్రాల ద్వీపాన్ని నమ్మిన పిల్లలు ఆర్కాట్ రోడ్డుని నమ్మలేదు.

పొంగల్ దాటాక చిక్కొచ్చిపడింది. బైండులో ఒక భాగం లేదు. చెదలు తిన్నదో, కుట్టించినవాడికే దొరకలేదో. ఆ తర్వాతి భాగం మొదట్లో జరిగిన కథ ఉంది కనక గండం గడుస్తుంది. అయినా దాన్ని చూపించకుండా, పోయిన భాగం మీరే రాసుకు రండన్నాను. తొమ్మిది మందిలో ఆరుగురు రాశారు. ఒకడు డ్రోను దించాడు. చతుర్నేత్రుడు తనను తానే గెలిపించుకున్నాడు.

మాంత్రికుడికి తెలుగొచ్చా అని అడిగిన పిల్ల రెండు పేజీలు రాసింది. ఒత్తులు సగం ఎగిరిపోయాయి. అడివి, చీకటి, సమరసేనుడు ఒంటరిగా నడిచాడు, వెనక్కి చూశాడు, జారిపడ్డాడు. క్రియలన్నీ సరిగ్గా కుదిరాయి. ఎర్ర పెన్ను మూత తీసి చివరి పేరా దాకా వెళ్లి, మళ్లీ మూత పెట్టేశాను. అక్కడ ఏకాక్షి గుహలో సమరసేనుణ్ణి తాళ్లతో కట్టి, మంత్రదండం ఎత్తి, ఒంటికన్ను ఎర్రగా చేసి అంటున్నాడు:

“రా. కూర్చో. చేతులు కడుక్కున్నావా? ముందు అన్నం తిను. తర్వాత చంపుతా.”