పాతకారు నాడి

మనుష్యునకు జ్వరము వచ్చినప్పుడు వైద్యుడు మందుసంచి విప్పకముందే నాడి చూచును. ఎప్పుడు వచ్చినది, ఎట్లు వచ్చినది అని అడుగును. పాతకారు విషయమున ఈ ఓపిక చాలమందికి ఉండదు. కారు వేడెక్కినదనగానే రేడియేటరు మార్పింతురు; దీపములు మందగించినవనగానే బ్యాటరీ కొందురు. చేతులు మారి వచ్చిన కారునకు పూర్వపు యజమానులు చేయించిన మరమ్మతులేవో కొన్నవానికి తెలియదు. అది మూగరోగి వంటిది.

1986 వేసవిలో ఏలూరు చేరువ పల్లెకు చెందిన ఒక డ్రైవరు, భార్య నగలు కుదువపెట్టి, పన్నెండేండ్ల నాటి అంబాసిడరు కారునొకదానిని కొనెను. దానిని బాడుగకు త్రిప్పి సంసారము గడుపుకొనవలెనని అతని ఆశ. నెల తిరుగకముందే కారు రెండు విధముల బాధింపసాగెను. పదిమైళ్లు పోగానే నీరు మరిగి ఆవిరి చిమ్మును. రాత్రివేళ హెడ్‌లైట్లు ఆముదపు దీపములవలె మిణుకుమనును; తెల్లవారి స్టార్టరు తిరుగదు. అతడు అప్పుచేసి కొత్త బ్యాటరీ కొనెను, రేడియేటరు కడిగించెను. గుణము కానరాలేదు. ఒకనాటి రాత్రి నొప్పులు పడుచున్న స్త్రీని ఆసుపత్రికి తీసికొనిపోవుచుండగా కారు నడిదారిలో ఆగిపోయెను. వెనుక వచ్చిన లారీవారు ఆమెను ఏలూరు చేర్చిరి. తల్లియు బిడ్డయు క్షేమముగనే యుండిరి. కాని ఆ వార్త ఊరంతయు ప్రాకెను. ఆపై అతని కారును పిలుచువారు లేరైరి.

డ్రైవరు పలుచోట్ల ఆగి నీరు పోసికొనుచు విజయవాడ ఆటోనగరుకు వచ్చి, ఒక వృద్ధ మేస్త్రీ షెడ్డు ముందు కారు నిలిపెను. మేస్త్రీ మొదట చూచినది కారును కాదు, డ్రైవరు అరచేతి కట్టును.

“వేడిమీద మూత తీసితివా, అబ్బాయీ?”

“తీసితిని, బాబాయీ.”

మామూలుగా నీరు 100 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద మరుగును. రేడియేటరు మూత చదరపు అంగుళమునకు 7 పౌన్ల ఒత్తిడిని నిలిపినచో, సుమారు 111 డిగ్రీల వరకు మరుగదు. ఆ స్థితిలో మూత తీసిన, ఒత్తిడి ఒక్కపెట్టున పడిపోయి సలసల కాగు నీరు పైకెగయును. ముఖము తప్పినందుకు ఆ డ్రైవరు అదృష్టవంతుడు. ఇంజను ఆపి, బాగుగా చల్లారువరకు కాచుకొనుటకంటె వేరుదారి లేదు.

తరువాత మేస్త్రీ ప్రశ్నలు మొదలుపెట్టెను. ఎర్రదీపము వెలుగునా? వెలుగుచున్నది, మీటలో దోషమనుకొని డ్రైవరు పట్టించుకొనలేదు. ఉదయము స్టార్టు చేయగనే కీచుమను ధ్వని వినబడునా? వినబడును. మేస్త్రీ బానెట్టు ఎత్తి, ఫ్యాను బెల్టు నడుమ బొటనవ్రేలితో నొక్కెను. అర అంగుళము క్రుంగవలసిన బెల్టు అంగుళమునకు పైగా క్రుంగెను. దాని ప్రక్కలు అద్దమువలె నునుపెక్కి మెరయుచుండెను.

ఆ కారులో ఇంజను అడుగునగల చక్రము ఒకే బెల్టుతో రెండు పనులు చేయించును. ఒకవైపు డైనమోను త్రిప్పి విద్యుత్తు పుట్టించును. మరొకవైపు నీటి పంపును, దాని ఇరుసుకే బిగించిన ఫ్యానును త్రిప్పును. బెల్టు జారినచో నీరు సరిగా ప్రసరింపదు, గాలి చాలదు, ఇంజను కాగిపోవును. డైనమో మందగించి బ్యాటరీ ఎండిపోవును. రెండు రోగములనుకొని రెండు మందులు కొన్నవానికి మూలము ఈ రబ్బరు పట్టీ.

కొత్త బెల్టు వేయకమునుపు ఇంజను నడచుచున్నను మీటరు 12 వోల్టులను దాటలేదు. వేసిన పిమ్మట 14 దరికి చేరెను. అంతటితో డ్రైవరు జేబులో చేయిపెట్టెను గాని మేస్త్రీ ఊరకుండలేదు. కారులో ప్రతి దీపమునకు రెండేసి తీగలుండవు; తిరుగుదారి కారు ఇనుప దేహమే. బ్యాటరీ ఎర్తుతీగ ఆ దేహమునకు బిగించినచోట త్రుప్పు పేరుకొనియుండెను. దానిని గరుకు కాగితముతో తెల్లగా రుద్ది బిగించెను. ఒక కారణము దొరకగానే పరీక్ష మానువారు పెక్కుమంది. ఇతడు అట్టివాడు కాడు.

అంబాసిడరు తయారీ 2014లో నిలిచిపోయినది. నేటి కార్లలో ఫ్యానును పెక్కింట వేరొక విద్యుత్ మోటారు త్రిప్పును. కనుక కారు నిలిచియున్నప్పుడే వేడెక్కినచో ముందుగా ఆ ఫ్యానును, దాని ఫ్యూజును, రిలేను చూడవలెను. వేగముగా పోవునప్పుడే వేడెక్కినచో రేడియేటరు గొట్టములలో పేరుకొన్న సున్నపుపొరను అనుమానింపవచ్చును.

బ్యాటరీ వెలతో పోల్చిన బెల్టు వెల బహు స్వల్పము. కొత్త బెల్టు మొదట కొంత సాగును గనుక పదిదినములకు మరల వచ్చి బిగింపించుకొనుమని మేస్త్రీ చెప్పెను. డ్రైవరు పాతబెల్టును పారవేయబోగా దానిని అందుకొని, పని నేర్చుచున్న పిల్లవాని చేతికిచ్చి, దాని ప్రక్కలు తడవి చూడుమనెను.