ఉబ్బిన చోట నెత్తురు నెమ్మదిస్తే

సూరత్‌లోని సర్దార్ వల్లభ్‌భాయ్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ 1961లో మొదలైన కాలేజీ. అక్కడ పరిశోధన చేస్తున్న వరంగల్ కుర్రాడొకడు నన్ను ఫ్లూయిడ్ మెకానిక్స్ ల్యాబుకి తీసుకెళ్లాడు. అతని ధ్యాసంతా కడుపులో బృహద్ధమని ఉబ్బిపోయే జబ్బు మీద, అంటే అయోర్టిక్ ఎన్యూరిజం మీద. "ముందు నీళ్లు చూడండి సార్, నెత్తురు సంగతి తర్వాత" అన్నాడు.

పొడవాటి గాజుగొట్టంలో నీళ్లు పారుతున్నాయి. నడిమధ్యన ఎర్రసిరా సన్నగా, తిన్నగా సాగుతోంది. కుళాయి ఇంకాస్త విప్పాడు. సిరా గీత వణికింది, మెలికలు తిరిగింది, చూస్తుండగానే నీళ్లలో కలిసిపోయింది. 1883లో మాంచెస్టర్‌లో ఆస్‌బర్న్ రేనాల్డ్స్ చేసి చూపిన ప్రయోగమిది. తర్వాత నడుమ బుడగలా ఉబ్బిన ఇంకో గొట్టం బిగించాడు. సిరాలో ఎక్కువ భాగం మధ్యగుండా వెళ్లిపోయింది. కొంత మాత్రం పక్కకి తిరిగి, ఉబ్బు గోడ దగ్గర సుడి తిరుగుతూ ఎంతకీ కదల్లేదు.

"జబ్బంతా ఆ సుడిలోనే ఉంది సార్."

కడుపులో బృహద్ధమని వెడల్పు మామూలుగా 2 సెంటీమీటర్లు. 3 దాటితే ఉబ్బు కిందే లెక్క. రక్తపోటు 120 ఉన్నప్పుడు గోడని బయటికి నెట్టే ఒత్తిడి సుమారు 16,000 పాస్కల్స్. పారే నెత్తురు గోడని రాసుకునే ఒరిపిడి సగటున ఒకటి రెండు పాస్కల్స్‌కి మించదు. అంత స్వల్పమైనదాన్ని పట్టించుకోవడం దేనికని అడిగాను.

"ఒత్తిడి గోడని చించుతుంది. ఒరిపిడి తగ్గితే గోడ చివికిపోతుంది" అన్నాడు.

ధమని లోపొర కణాలు ఆ ఒరిపిడిని పసిగడతాయి. నెత్తురు ఒకే దిక్కుగా చురుగ్గా పారినంతసేపు అవి కుదురుగా ఉంటాయి. ప్రవాహం మందగించినా, ముందుకీ వెనక్కీ ఊగినా వాపు కణాలు చేరతాయి. వాటి ఎంజైములు గోడకి సాగే గుణమిచ్చే ఎలాస్టిన్‌ని తినేస్తాయి. పెద్దయ్యాక అది మళ్లీ సరిగా పుట్టదు. సుడి తిరిగే చోట నెత్తుటి గడ్డ కూడా పేరుకుంటుంది. ఆ గడ్డ మందమైతే వెనకున్న గోడకి ఆక్సిజన్ సరిగా అందదు, గోడ ఇంకా బలహీనపడుతుంది. వెడల్పు పెరిగేకొద్దీ అదే రక్తపోటుకి గోడ మీద లాగుడు ఎక్కువవుతుంది. ఒకపక్క బరువు పెరగడం, మరోపక్క బలం తగ్గడం.

డాక్టర్లు ప్రధానంగా వెడల్పు చూసి ఆపరేషన్ నిర్ణయిస్తారు: మగవాళ్లకి 5.5 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 5. కానీ అంతకన్నా చిన్నవీ పగిలిన సందర్భాలున్నాయి. అందుకే సీటీ స్కాన్ నుంచి ధమని ఆకారం తీసుకుని ప్రవాహాన్ని కంప్యూటర్లో లెక్కగట్టే పని ప్రపంచమంతటా నడుస్తోంది. "గోడ మందం స్కాన్‌లో సరిగ్గా దొరకదు. మా తలనొప్పంతా దానితోనే" అన్నాడు కుర్రాడు.

సాయంత్రం సూరత్‌లోనే ఉన్న లింబాయత్ వెళ్లాను. తెలంగాణ పద్మశాలి కుటుంబాలు బాగా స్థిరపడిన పేట. మరమగ్గం మీద పాలియెస్టర్ బట్ట దిగుతోంది. 1950ల్లో హ్యూస్టన్ సర్జన్ మైకేల్ డెబేకీ ఇలాంటి పాలియెస్టర్ బట్టనే కుట్టుమిషన్ మీద గొట్టంగా కుట్టి, పాడైన ధమని స్థానంలో అమర్చాడు. 1990లో బ్యూనస్ ఎయిర్స్‌లో హువాన్ పరోడి గజ్జల్లోని ధమని గుండా బట్ట గొట్టాన్ని పంపి, పొట్ట కోయకుండానే పని ముగించాడు. ఈ మాట చెబితే మగ్గం దగ్గరి పెద్దాయన చేతిలో బీడీ పట్టుకునే నవ్వాడు: "మేం నేసే బట్టకు గింత కథ ఉన్నదా సారూ!"

ఆ బీడీయే అసలు ముప్పు. ఈ జబ్బుకి పొగాకుని మించిన కారణం లేదు. పగిలేదాకా చాలామందికి నొప్పే తెలియదు. 65 దాటి, ఎప్పుడైనా పొగ తాగిన మగవాళ్లు, ఇంట్లో ఈ జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్నడిగి ఒక్కసారైనా కడుపు అల్ట్రాసౌండ్ చేయించుకోండి. సూది అక్కర్లేదు, కోత అక్కర్లేదు, కొద్ది నిమిషాల పని.