ఆరో నంబరా, నాలుగో నంబరా?

ఆడదానివి, నీకు తుపాకీ గుండ్ల గొడవెందుకమ్మా అని మీరు అనబోతున్నారని నాకు తెలుసు. మొదట నేనూ అదే అనుకున్నాను. చరిత్రా, రాజనీతీ చదివి బి.ఏ. పాసైనదాన్ని. ఎవరు ఎవర్ని ఏ సంవత్సరంలో కాల్చారో అడిగితే చెప్పగలను గాని, దేంతో కాల్చారో చెప్పమంటే బిక్కమొహం వెయ్యడం తప్ప గతి లేదు.

కాని ఫిలిం నగరనేది ఒకటుంది చూశారూ, అది మనిషిచేత ఏ పనైనా చేయిస్తుంది.

నా నవల ఒకటి సినిమాగా తీస్తామంటూ ఓ నిర్మాతగారు కబురు పెట్టారు. మావారు వద్దన్నారు. మా అమ్మాయి వెళ్ళి తీరాలంది. వెళ్ళాను. సిట్టింగంటే కూర్చోవడమే అనుకునేరు, తినడం కూడా. మిరపకాయ బజ్జీలు, వాటి వెనక టీ, టీ వెనక మళ్ళీ బజ్జీలు. మధ్యలో కథ. నా నవలలో జమీందారు ఒకాయన వయసులో ఉన్నప్పుడు బాతుల వేటకి వెళ్ళేవాడని ఒక్కటంటే ఒక్క వాక్యం రాశాను. ఆ వాక్యమే నా కొంప ముంచింది. డైరెక్టరుగారికి అదే హీరో ప్రవేశమైపోయింది. 1960ల నాటి శీతాకాలం, తెల్లవారుజాము, చెరువుమీద మంచు, ఆకాశంలో పెద్దబాతుల బారు. హీరో తుపాకీ ఎత్తుతాడు. ఢామ్మని ఒకే ఒక్క దెబ్బ. బాతు సరిగ్గా హీరోయిన్ కాళ్ళ దగ్గర పడుతుంది.

అందరూ బాగుందన్నారు. నేనూ అన్నాను, ఎందుకు అబద్ధం చెప్పాలి!

అసిస్టెంటు డైరెక్టరు కుర్రాడు మాత్రం నోట్‌బుక్కు తీసి, "మేడమ్, తూటా క్లోజప్పుంది. అందులో గుండు ఎంత లావుంటుందండీ?" అన్నాడు.

"గుండు గుండంత ఉంటుంది నాయనా" అన్నాను. గదంతా నవ్వారు. ఆ కుర్రాడు నవ్వలేదు. "కనుక్కుని చెప్తారా?" అన్నాడు. వెధవ పట్టుదల!

కొండ దిగి జూబ్లీ హిల్స్ చెక్‌పోస్టు దగ్గర సిగ్నల్లో ఆగినప్పుడు మావయ్య గుర్తొచ్చాడు. మా అమ్మకి అన్నగారు, ఎనభై నాలుగేళ్ళవాడు, ఆ పక్కనే కొడుకింట్లో ఉంటున్నాడు. ఇల్లు కట్టినప్పుడు పగలగొట్టడం ఇష్టంలేక వదిలేసిన పెద్ద బండరాయి ఒకటి ఆ వాకిట్లో ఉంది. సాయంత్రాలు దాని పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. ఉద్యోగం రోజుల్లో సంగారెడ్డి వైపు పనిచేశాడనీ, అప్పట్లో ఆయనకి తుపాకీ ఉండేదనీ మా ఇంట్లో చెప్పుకునేవారు. ఆయన నోటంట మాత్రం ఎప్పుడూ వినలేదు.

"ఒక్క గుండా? బాతుకా?" అన్నాడు మావయ్య నా మొహంలోకి చూసి. "ఏమే, మీ హీరో కొట్టేది బాతునా, పులినా?"

అని ఊరుకోకుండా లేచి వంటింట్లోకి నడిచాడు. పోపుల పెట్టె తెచ్చి బల్లమీద బోర్లించినంత పని చేశాడు. అత్తయ్య "అయ్యో అయ్యో" అంటూనే ఉంది. ఓ పక్కన ఆవాలు, ఓ పక్కన సజ్జలు, ఓ పక్కన మిరియాలు, చివర నాలుగు కాబూలీ శనగలు పెట్టాడు.

"పన్నెండు బోరు తుపాకీ తెలుసా? పౌను సీసాన్ని పన్నెండు సమానమైన గుండ్లుగా పోస్తే, ఒక్కో గుండు సరిగ్గా పట్టే గొట్టమన్నమాట. బాతుల వేటకి అందులో ఒక గుండు వెయ్యరు, గుప్పెడు వేస్తారు. మీ హైదరాబాదీలు ఛర్రాలంటారే, అవి. తూటాలో పట్టే బరువు దాదాపు ఎప్పుడూ ఒకటే, ఔన్సూ, ఔన్సుకి కాస్త పైనా. ఆ బరువుని సన్నగా పోస్తావా, లావుగా పోస్తావా అన్నదే లెక్క."

నంబరు పెరిగినకొద్దీ గుండు చిన్నదవుతుందట. నాకు ఇదే తలకిందుల వ్యవహారంలా తోచింది గాని, దారం కొనేటప్పుడూ ఇంతే కదా, నంబరు పెద్దదైతే దారం సన్నం! ఇంగ్లీషు లెక్కలో ఆరో నంబరు ఆవగింజకంటే కాస్త లావు, ఔన్సుకి 270 వస్తాయి. నాలుగో నంబరు సజ్జగింజ, 170. ఒకటో నంబరుకి సరిగ్గా 100. మిరియమంత ఉండేది బీబీ, 70. శనగలంత ఉండేవి ఎస్‌జీ. అవి ఔన్సుకి ఎనిమిదే, అడవిపందులకి వాడేవారు.

"అయితే లావువే వేసుకుంటే సరిపోదా?" అన్నాను.

మావయ్య నాలుగు శనగలు తీసి గోడకున్న క్యాలెండరు మీదకి విసిరాడు. నాలుగూ నాలుగు మూలలకి పోయాయి, మధ్యనున్న వెంకటేశ్వరస్వామికి ఒక్కటీ తగల్లేదు. తరవాత గుప్పెడు ఆవాలు విసిరాడు. స్వామి నిండా తగిలాయి, కాని కాయితం చెక్కుచెదరలేదు. (అత్తయ్య లెంపలేసుకుంది.)

"చూశావా? లావుగా ఉంటే గుండ్ల మధ్య సందుల్లోంచి పిట్ట దాటిపోతుంది. సన్నగా ఉంటే తగులుతాయి గాని ఈకలు దాటి లోపలికి పోవు. మామూలు బాతుకి ఆరో, అయిదో, కాస్త దూరమైతే నాలుగో. పెద్దబాతుకి ఒకటో నంబరు, బీబీ. ఏది వేసినా నలభై గజాలు దాటితే చెయ్యెత్తకూడదు. జంట గొట్టాల తుపాకీకి ఎడమ గొట్టం మూతి కాస్త బిగువుగా ఉంటుంది, అందుకని కుడిలో ఆరు, ఎడమలో నాలుగు పెట్టుకునేవాళ్ళం. దగ్గరికొస్తే కుడి, దూరం పోతుంటే ఎడమ."

నేను గబగబా రాసుకుంటున్నాను. సీనుకి ఎన్ని డైలాగులు! అంతలో ఆయన ఆగిపోయాడు. మిరియాల్ని వేలితో ఒక్కొక్కటే కుప్పలోంచి పక్కకి తోస్తున్నాడు.

1969 జనవరిట. మంజీర ఒడ్డున శనగచేలు. హిమాలయాల మీదుగా వచ్చే బూడిదరంగు పెద్దబాతులుంటాయి, తెల్లటి తలమీద రెండు నల్ల పట్టెలతో. రాత్రంతా చేలల్లో మేసి తెల్లారేసరికి నీళ్ళమీదకి చేరతాయి. ఆ వేళ ఆయన వెళ్ళింది మామూలు బాతుల కోసం, తుపాకీలో ఉన్నది ఆరో నంబరు. నెత్తిమీదుగా పెద్దబాతుల బారు వచ్చింది. డెబ్భై గజాల ఎత్తు ఉంటుందని తెలుస్తూనే ఉంది. ఇరవై ఎనిమిదేళ్ళవాడు, పక్కన స్నేహితులు.

"పేల్చాను. గుండ్లు ఈకలమీద పడ్డ చప్పుడు వినిపించిందే. చాటలో బియ్యం పోసినట్టు. బాతు ఓసారి కిందికి ఊగింది. పడలేదు. మళ్ళీ రెక్కలాడించుకుంటూ పోయింది, కాని బారులో కలవలేకపోయింది. ముందు పోతున్నదొకటి వెనక్కి తిరిగొచ్చి దాని పక్కన చేరింది. రెండూ ఏటి అవతలికి పోయాయి. మధ్యాన్నం దాకా వెతికాను."

"దొరికిందా?"

"దొరికితే నీకు చెప్పేవాణ్ణా? దొరికినవన్నీ మర్చిపోయాను."

అత్తయ్య ఆవాలు ఏరడం ఆపి ఆయనవంక చూసింది. యాభై అయిదేళ్ళ కాపరంలో ఆవిడకీ చెప్పలేదని నాకప్పుడు అర్థమైంది.

ఆ తరవాత వేట మానేశాడనుకునేరు. మానలేదు. మరో మూడు శీతాకాలాలు వెళ్ళాడు, జేబులో వేరే బీబీ తూటాలు పెట్టుకుని. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చింది; లైసెన్సుంటే కొన్ని పిట్టల్ని కొట్టడానికి తరవాత కూడా వీలుండేది. ఆ వీలు 1991 సవరణతో పూర్తిగా పోయింది. ఆయన తుపాకీ మాత్రం అంతకుముందే ఏదో ఎన్నికలకి పోలీసు స్టేషన్లో డిపాజిట్ చేసినప్పుడు, మళ్ళీ తెచ్చుకోబుద్ధి కాక అక్కడినుంచే వదిలించేసుకున్నాడట.

అంతలో టెక్సాస్ నుంచి మనవడి ఫోను. వాడు అక్కడ ఆఫీసు స్నేహితులతో, లైసెన్సు పుచ్చుకుని, ఏటా బాతుల వేటకి వెళ్తాడు. "సీసం ఎక్కడిది తాతయ్యా, 1991 నుంచీ అమెరికా అంతటా నీటిపక్షులకి నిషేధం" అన్నాడు. బురదలో రాలిన సీసపు గుండ్లని బాతులు ఇసకరాళ్ళనుకుని మింగేవట. అవి కందనకాయలో అరిగి, విషమెక్కి చచ్చిపోయేవట. ఇప్పుడు ఎక్కువగా స్టీలే వాడతారు. స్టీలు తేలిక, సీసం సాంద్రత 11.3 అయితే దీనిది 7.8. అందుకని రెండు నంబర్లు లావు వేసుకోవాలి: సీసంలో నాలుగు వాడేచోట స్టీలులో రెండు.

"అంటే తగలని గుండ్లు కూడా..." అన్నాడు మావయ్య. మాట పూర్తి చెయ్యలేదు. ఫోను నా చేతికిచ్చాడు.

మరుసటి సిట్టింగుకి సీను మార్చి పట్టుకెళ్ళాను. హీరో కాలుస్తాడు, బాతు పడదు. డైరెక్టరుగారు చదివి, కాయితాలు మెల్లిగా బల్లమీద పెట్టి, "హీరో గురి తప్పడమేమిటండీ?" అన్నారు.

"గురి తప్పలేదండీ. నంబరు తప్పింది."

"ఆడియన్సుకి నంబరెలా చెప్తాం?" అన్నారాయన. న్యాయమే. నా దగ్గర పోపుల పెట్టె కూడా లేదు. అటు చూసి ఇటు చూసి, నిర్మాతగారు చెక్కు విషయం మళ్ళీ మాట్లాడదామన్నారు. మాట్లాడదామనే అన్నాను నేనూ. కాని సీను వెనక్కి తీసుకోలేదు. నేను ఏమైనా సర్దుకుపోయేదాన్నే, ఏటి అవతలికి పోయిన ఆ రెండో బాతే అడ్డమొచ్చింది.

మెట్లు దిగుతుంటే అసిస్టెంటు కుర్రాడు పరిగెత్తుకొచ్చాడు. బాతులెటూ కంప్యూటరులోనే వేస్తారనీ, నిజం బాతుల్ని పెట్టాలంటే జంతు సంక్షేమ బోర్డు అనుమతి కావాలనీ చెప్పి, "మేడమ్, తూటా మీద మాత్రం ఏ నంబరు వెయ్యమంటారు?" అన్నాడు.

"సీను ఎలా తీస్తారో తేలాక చెప్తాను. బాతు పడితే ఒకటి, ఎగిరిపోతే ఆరు" అన్నాను.

నోట్‌బుక్కులో రెండూ రాసుకున్నాడు.

ఆ సాయంత్రం మావయ్యకి ఫోను చేస్తే అత్తయ్య ఎత్తింది. ఆయన బండ పక్కన కూర్చున్నాడట. సోఫా కిందనుంచి ఇంకా ఆవాలు వస్తూనే ఉన్నాయట.