తనకల్లు చెరువు గట్టున

కదిరి నుంచి మదనపల్లెకు వెళ్లే దారిలో ఉంది తనకల్లు. 2022లో జిల్లాల పునర్విభజన జరిగేవరకు అనంతపురం జిల్లాలోనిది. నేడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. గుండ్లరాళ్ల గుట్టలు, వేరుశనగ చేలు, ఏడాదిలో అధికభాగం ఇసుకగానే కనిపించే పాపాఘ్ని. సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ నమ్మకం లేనిది. ఇటువంటి సీమలో చెరువు నిండిందంటే ఆ కబురు దేశాంతరాల పక్షులకూ చేరుతుంది.

ఫజర్ నమాజు ముగించుకొని, పిల్లలను వెంటబెట్టుకొని మేము వెతుక్కుంటూ వెళ్లినది అటువంటి ఒక అతిథినే. తెల్లని తలపై రెండు నల్లని పట్టెలుండే బాతు; ఆంగ్లంలో బార్ హెడెడ్ గూస్ అంటారు. మంగోలియా, టిబెట్ సరస్సుల వద్ద పిల్లలను పొదిగి, శీతాకాలంలో హిమాలయాలను దాటి దక్షిణాదికి వస్తుంది. ఏడు వేల మీటర్లకు పైన ఎగురుతుండగా శాస్త్రజ్ఞులు దీనిని నమోదు చేశారు. అంత పలుచని గాలిలోనూ ప్రాణవాయువును గట్టిగా పట్టుకోగల రక్తాన్ని సృష్టికర్త దానికి ప్రసాదించాడు. రెక్కలు చాస్తూ, ముడుస్తూ ఆకాశాన సాగే పక్షులను చూడరా అని ముల్క్ సూరా మనలను అడిగేది ఊరికే కాదు.

చెరువు సగానికి తగ్గి ఉంది. బురద అంచున కంకణాలు, నడిమి నీటిలో బొల్లికోళ్లు, మునిగి తేలే బుడుబుంగలు, ఎండిన తుమ్మకొమ్మపై రెక్కలారబెట్టుకుంటున్న నీటికాకి. మా అడుగుల సవ్వడికి తీతువు గగ్గోలు పెట్టింది. రెండు గంటలు కూర్చున్నా పట్టెతల బాతు జాడ లేదు.

“అబ్బా, అది కనబడితే తినొచ్చా? హలాలేనా?” అన్నాడు చిన్నవాడు.

నవ్వు వచ్చినా, తేలికగా తీసేయదగిన ప్రశ్న కాదు. బాల్యంలో సాలిం అలీ కూడా తాను కొట్టిన పిచ్చుక మెడపై పసుపు మచ్చ చూసి, ఇది తినదగినదేనా అని సందేహించి మేనమామ వద్దకు తీసుకువెళ్లాడు. ఆయన బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘానికి పంపారు. దేశం గర్వించిన పక్షి శాస్త్రజ్ఞుని జీవితం ఆ సందేహంతోనే మలుపు తిరిగింది.

“బాతు మాంసం హలాలే బేటా. కానీ ఈ పక్షిని వేటాడటం 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. ఇక సరదా కోసం ప్రాణిని గురిపెట్టడాన్ని దైవప్రవక్త (స) నిషేధించారు” అన్నాము. గూటి నుంచి తెచ్చిన పిల్లలను తల్లిపక్షికి తిరిగి ఇప్పించిన హదీసు కూడా వినిపించాము. నీరు తగ్గిన చెరువులో పక్షులన్నీ ఒకచోట చేరతాయి; ఉండేలుకూ వలకూ అప్పుడే సులువుగా చిక్కుతాయి. మన ఇళ్ల పిల్లల చేతుల్లోనూ ఉండేళ్లు ఉన్నాయి కదా!

ఇదే జిల్లాలోని చిలమత్తూరు మండలం వీరాపురంలో ఎర్రకాళ్ల కొంగలు ఇళ్ల నడుమ చింతచెట్లపైనే గూళ్లు కడతాయి. ఆ ఊరివారు వాటిని కొట్టరు, కొట్టనివ్వరు.

పొద్దెక్కాక గొర్రెలు తోలుకొచ్చిన కాపరిని అడిగాము. “నీళ్లుంటే వస్తాయి సాయిబూ. ఈసారి సంక్రాంతికే అడుగంటె. చెరువు నిండిన ఏడు రాండి, నేనే చూపిస్తా” అన్నాడు.