పాత క్యాబు, కొత్త చాసిస్

కుర్చీ కాస్త మంట దగ్గరికి జరుపుకోండి. టెక్సాస్‌లో చలేమిటని మన ఊళ్లో నవ్వుతారు గానీ, జనవరిలో ఇలాంటి రాత్రులు రాకుండా పోవు. ఇందాక పక్కింటాయన గ్యారేజీ ముందు ఆగి మీరో మాట అన్నారు, "పైన తాతల నాటి బండి, కింద ఎవరివో చక్రాలు" అని. మీ కన్ను మంచిదే. మామూలుగా వచ్చినవాళ్లు ఆ గుండ్రటి బానెట్ చూసి మురిసి, ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. వంగి కిందికి చూసేవాళ్లు తక్కువ.

పైన ఉన్నది షెవర్లే 3100. యుద్ధం ముగిశాక 1947 వేసవిలో బజారులోకి దిగి 1955 మొదటి నెలల దాకా తయారైన రకం. పల్లెల్లో ఎండుగడ్డి మోసి మోసి, ఇప్పుడు గ్రీటింగు కార్డుల మీద క్రిస్మస్ చెట్టు మోస్తూ కనిపించేవి ఆ కాలపు ట్రక్కులే. కింద ఉన్నది అదే కంపెనీ 1982 నుంచి 2004 దాకా చేసిన చిన్న పికప్, ఎస్-10. దాని క్యాబునీ తొట్టినీ ఊడదీసి, మిగిలిన చాసిస్ మీద ఈ ముసలాయన్ని కూర్చోబెడుతున్నారు.

పాత చాసిస్‌కి ఏం రోగమంటారా? ఏ రోగమూ లేదండీ. రెండు పొడుగాటి ఉక్కు దూలాలు, మధ్యలో అడ్డ కమ్మీలు. తుప్పు తినకపోతే మునిమనవల దాకా ఉంటుంది. ఇబ్బందంతా దానికి తగిలించిన సరంజామాతో. ముందు కూడా లారీల్లాగే ఒకటే అడ్డ ఇరుసు, కమాన్ కట్టలు. నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులు, అన్నిటికీ కలిపి ఒకటే మాస్టర్ సిలిండర్. ఎక్కడో ఒక పైపు కారిందంటే పెడల్ నేల దాకా దిగుతుంది, బండి మాత్రం ఆగదు. కరెంటు 6 వోల్టులు. మొదటి ఏళ్ల ఇంజిను 216 క్యూబిక్ అంగుళాలది, దాదాపు 90 హార్స్‌పవర్; కనెక్టింగ్ రాడ్ల బేరింగులకి ఆయిల్ ఒత్తిడితో అందదు, చిమ్మితే తడవాల్సిందే. పొలాల మధ్య 40 మైళ్ల వేగానికి అది మహారాజు. 75 మైళ్లని బోర్డు పెట్టిన హైవే మీద, వెనక ఓ పెద్ద ట్రక్కు హారన్ కొడుతుంటే మాత్రం ఇష్టదైవం గుర్తొస్తుంది. పక్కింటాయనకేమో ఆ బండిలో మనవరాల్ని స్కూలుకి దింపాలని కోరిక.

అలాంటి కోరికకి మధ్యే మార్గం కూడా ఒకటుంది. 1974–78 నాటి ఫోర్డ్ మస్టాంగ్ టూ కారు ముందు సస్పెన్షన్ నమూనాలో కిట్లు అమ్ముతారు. పాత చాసిస్ ముందు భాగానికి దాన్ని వెల్డు చేసుకుంటే డిస్కు బ్రేకులూ ర్యాక్ స్టీరింగూ వస్తాయి, అసలు చాసిస్ అలాగే ఉంటుంది. చాలామందికి అది చాలు. కాకపోతే ఇంజిను, గేర్‌బాక్సు, వెనక ఇరుసు కోసం మళ్లీ వేరే వేట. ఎస్-10 అయితే డిస్కు బ్రేకులు, పవర్ స్టీరింగ్, 4.3 లీటర్ల వి6 ఇంజిను, ఓవర్‌డ్రైవ్ ఉన్న గేర్‌బాక్సు అన్నీ ఒకే తుక్కు బండి ధరకి దొరికే వీలుంది. ఆశ పుట్టదూ మరి!

విజయవాడ ఆటోనగర్ చూసినవాళ్లకి ఇదేమంత వింతగా తోచదు. కంపెనీ నుంచి ఒట్టి చాసిస్ వస్తుంది; మనవాళ్లు దాని మీద బాడీ కట్టి, రంగులేసి, వెనక ఓ హెచ్చరిక రాసి రోడ్డెక్కిస్తారు. అయితే ఆటోనగర్ మేస్త్రీ చాసిస్ కొలత చూసుకుని బాడీ కడతాడు. ఇక్కడ బాడీ డెబ్బై ఏళ్ల కిందటే తయారైపోయింది, చాసిస్ ఆ తర్వాతెప్పుడో పుట్టింది. ఒకదానికొకటి ముఖపరిచయం లేదు, ఏదీ తగ్గదు.

కాబట్టి పాన కన్నా ముందు టేపు తీయాలి. ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసుకి 3100లో 116 అంగుళాలు. ఎస్-10లో పొట్టి తొట్టి రకానికి 108.3, పొడుగు తొట్టి రకానికి 117.9, సీటు వెనక అదనపు చోటున్న క్యాబుకి 122.9. పొడుగు తొట్టిది రెండంగుళాల లోపు తేడాతో సరిపోతుంది. వెనక ఇరుసుని కాస్త ముందుకి జరిపితే ఆ తేడా తీరుతుంది. పొట్టిదాన్నీ తోసేయకండి, 1953–56 ఫోర్డ్ ఎఫ్-100కి 110 అంగుళాలే కనక అక్కడ పనికొస్తుంది. 122.9 రకం చవగ్గా దొరికిందని తెచ్చుకుని నడుం దగ్గర దాదాపు ఏడంగుళాలు కోసి అతికేవాళ్లూ ఉన్నారు. పక్కింటాయన వెల్డింగ్ ఎలా ఉంటుందో నాకు తెలుసు. అందుకే పొడుగు తొట్టిదే వెతకమని పోరాను.

పొడవు కుదిరిందని సంబరపడేలోపు వెడల్పు అడ్డం తిరుగుతుంది. ఎస్-10 సన్నపాటి బండి. అన్న చొక్కా తమ్ముడు తొడుక్కున్నట్టు, ఉబ్బెత్తు మడ్‌గార్డుల కింద చక్రాలు ఎక్కడో లోపల వేలాడుతుంటాయి. మీ కంటికి చిక్కింది అదే. స్పేసర్లు వేసో, బయటికి వచ్చే రిమ్ములు తెచ్చో సర్దుకోవాలి. ఫోర్డ్ అభిమానులది దీనికి పూర్తిగా తలకిందుల బాధ. వాళ్లు పోలీసు డ్యూటీ చేసి రిటైరైన క్రౌన్ విక్టోరియా కార్ల వెంట పడతారు. 2003 నుంచి 2011లో ఉత్పత్తి ఆగేదాకా వచ్చినవాటిలో ముందు సస్పెన్షన్ మొత్తం ఓ అల్యూమినియం క్రేడిల్‌కి బిగించి ఉంటుంది. బోల్టులు విప్పితే కట్టగా చేతికొస్తుంది. తీరా ఎఫ్-100కి ఎక్కించాక చక్రాలు మడ్‌గార్డులు దాటి పొడుచుకొస్తాయి.

అసలు పని ఇక్కణ్ణుంచే. పాత క్యాబు ఎత్తేముందు డోరు సందుల్లో అడ్డ కమ్మీలు వెల్డు చేయాలి. మూలలూ గడపలూ తుప్పు తిని ఉంటాయి కనక, ఊరికే ఎత్తితే క్యాబు ఒళ్లు విరుచుకుంటుంది, ఆ తర్వాత డోరు పట్టదు. చాసిస్‌ని దాని చక్రాల మీదే, రోడ్డు మీద నడిచే ఎత్తులో నిలబెట్టాలి. ముందు చక్రం మడ్‌గార్డు ఖాళీకి నట్టనడుమ రావాలి. ముందు ఇరుసు జరపడం మన వల్ల కాదు కాబట్టి లెక్కంతా అక్కణ్ణుంచే మొదలుపెట్టి క్యాబు, తొట్టి, వెనక ఇరుసు వరసగా కుదుర్చుకోవాలి. రేడియేటర్ నిలబడే ఫ్రేముందే, దాంతో జాగ్రత్త. గ్రిల్లు, మడ్‌గార్డులు, బానెట్ అన్నీ దాన్నే ఆనుకుని ఉంటాయి. అది పావు అంగుళం వాలిందంటే బానెట్ ఒక పక్క నోరు తెరుస్తుంది. కాస్త టాకాలు వేయడం, డోరు వేసి చూడ్డం, నాలుక్కరుచుకుని మళ్లీ గ్రైండర్ అందుకోవడం. సాయంత్రాలకి సాయంత్రాలు ఇలాగే పోతాయి.

మిగతావన్నీ చిల్లర పనులంటారు గానీ చిల్లరే సంచి నింపుతుంది. స్టీరింగ్ రాడ్డుని జాయింట్లతో వంకలు తిప్పి తేవాలి. 1949 నుంచీ పెట్రోలు ట్యాంకు క్యాబులోనే సీటు వెనక పెట్టేవారు, ఏం ధైర్యమో. దాన్ని తీసి చాసిస్ కిందికి దించాలి. ఎస్-10 చాసిస్ వెనక ఇరుసు మీదుగా వంపు తిరిగి పైకి లేస్తుంది కాబట్టి తొట్టిలో చెక్క పలకల నేలనీ పైకెత్తాలి. వైరింగ్ ఎటూ 12 వోల్టులకి మార్చాల్సిందే.

దీన్ని అడ్డదారి అని చెప్పేవాళ్ల మాట నేను నమ్మను. చాసిస్ ఇచ్చే డోనర్ బండిని వెతికి విప్పడం తేలికే. పనంతా రెండు బండ్లకీ మధ్య మిగిలిన ఖాళీలో ఉంది, ఆ ఖాళీకి ఏ షాపులోనూ పార్టులు అమ్మరు. చక్కగా నడుస్తూ, అసలు ఇంజినూ చాసిసూ ఉన్న 3100ని ఎవరైనా విప్పుతానంటే మాత్రం నేను అడ్డం పడతాను. పక్కింటాయన బండికి వెనక సగం చాసిస్‌ని ఎవరో ఎప్పుడో కోసుకుపోయారు, అందుకే నోరు మూసుకున్నాను.

కాగితాల సంగతి కూడా వినండి. 3100 నంబరు పలక డ్రైవరు డోరు స్తంభం మీద ఉంటుంది. అప్పట్లో కొన్ని రాష్ట్రాలు ఇంజిను నంబరు మీదే టైటిల్, అంటే యాజమాన్య పత్రం, రాసిచ్చాయి, ఆ ఇంజిను ఇప్పుడు ఏ తుక్కులో ఉందో! ఎస్-10కి దాని నంబరు దానికుంది. చాసిస్ మారాక ఇది ఏ బండి అన్నది ఒక్కో రాష్ట్రం ఒక్కోలా చూస్తుంది. నంబరు పలకల జోలికి వెళ్లకూడదని ఫెడరల్ చట్టమే ఉంది.

మన దగ్గర చేయొచ్చా అని అడగబోతున్నారు కదూ? మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, కంపెనీ చేసిన తీరుకి భిన్నంగా బండిని మార్చనివ్వదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే తేల్చింది. 2021 జూలైలో కేంద్రం యాభై ఏళ్లు దాటిన బండ్లకి 'వీఏ' అక్షరాల నంబరు ప్లేటు తెచ్చింది, కొత్త రిజిస్ట్రేషనుకి 20,000 రూపాయలు. దానికి షరతు ఏమిటంటే చాసిస్, బాడీ, ఇంజినుల్లో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. కనక మీ పెదనాన్నగారి విల్లీస్ జీపు మీద కన్నేసి ఉంటే, దాని చాసిస్‌నే బాగు చేయించండి.

ఇక్కడే ఒకటి కొనుక్కుంటానంటే, సగంలో ఆగిపోయినవి అమ్మకానికి దొరుకుతూనే ఉంటాయి. "తొంభై శాతం అయిపోయింది, రంగు వేస్తే చాలు" అంటాడు అమ్మేవాడు. మీరు రంగు గురించి ఏమీ మాట్లాడకుండా కింద పడుకుని టార్చి లైటుతో క్యాబు మౌంటుల వెల్డింగ్ చూడండి, రెండు డోర్లూ వేసి తీసి చూడండి. డోనర్ బండి టైటిల్ కూడా అడగండి. అది ఎక్కడో పెట్టాను, తర్వాత పంపిస్తానన్నాడా, కారెక్కి ఇంటికొచ్చేయండి.