ఆనవాలు

పనిని మొదలుపెట్టుట కష్టమని లోకులందురు. అంతకంటె కష్టమైనది మరియొకటి కలదు. అది నడుమ విడిచిన పనిని విడిచిన చోటనే తిరిగి అందుకొనుట. మధ్యాహ్నవేళ కాడి విప్పి ఎడ్లను నీటికి తోలుకొనిపోయిన రైతు, తిరిగివచ్చి తానాపిన సాలులోనే నాగలి నిలుపును. దున్నిన మన్నే అతనికి గుర్తు. పుస్తకము చదువువానికి అట్టి గుర్తు లేదు. చదివిన పుటయు చదువని పుటయు ఒక్క తీరుననే యుండును. అందువలననే మనవారు పుస్తకముల నడుమ నెమలియీకనో, దారపు పోగునో ఉంచుచు వచ్చిరి.

కంప్యూటరుపై వ్రాయువానికి ఈ చిక్కు మరింత పెద్దది. పుస్తకమునకు మందము కలదు. ఎడమచేతిలో ఎన్ని పుటలున్నవో, కుడిచేతిలో ఎన్ని మిగిలినవో వ్రేళ్లకే తెలియును. ఫైలునకు మందము లేదు. పది పుటల వ్రాతయు వేయి పుటల వ్రాతయు తెరపై ఒక్క తీరుననే కనబడును. అందులో మన స్థానమును చూపునది కర్సరు అను చిన్న గుర్తు మాత్రమే. మనము వ్రాయు అక్షరము అది యున్న చోటనే పడును. అది ఒక్కసారి ఒక్కచోటనే యుండగలదు. మరియొక చోటికి పోవలెనన్న మొదటి చోటును విడువక తప్పదు. విడిచిన చోటును భద్రపరచుకొను ఉపాయము టెక్స్ట్ ఎడిటరులను నిర్మించినవారు ఏనాడో కనుగొనిరి. నాకది ఎట్లుపయోగపడినదో మీకు చెప్పుదును.

ఉద్యోగవిరమణము పిమ్మట మా ప్రాంతపు సేద్యపు మాటలను కూర్చు పనికి పూనుకొంటిని. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి ప్రచురించిన మాండలిక వృత్తిపదకోశపు వ్యవసాయ సంపుటము నాకు దారి చూపినది. దానికి భద్రిరాజు కృష్ణమూర్తిగారు సంపాదకులు. ట్రాక్టరులును విద్యుత్తు మోటరులును వచ్చిన పిమ్మట నాగలి, కపిల, ఏతాము మొదలగువాని భాగముల పేర్లు వృద్ధుల నోళ్లలోనే నిలిచినవి. వారిని అడిగి తెలిసికొన్న మాటలనన్నిటిని అకారాది క్రమమున ఒకే ఫైలులో వ్రాయుచుంటిని.

ఆ పనికి నేను వాడునది విమ్ అను ఎడిటరు. దీనికి మూలమైన వీఐ అను ఎడిటరును అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయమున బిల్ జాయ్ 1976లో వ్రాసెను. దానిని అనుసరించి విమ్‌ను నిర్మించి 1991లో లోకమునకిచ్చినవాడు హాలండు దేశీయుడైన బ్రామ్ మూలెనార్. ఆయన దీనికి వెల కట్టలేదు. ఇది నచ్చినవారు ఉగాండా దేశములోని అనాథ బాలలకు తోడ్పడవలెనని మాత్రము కోరెను. 2023లో ఆయన కాలధర్మమునొందెను.

ఇందులో గుర్తు పెట్టుట బహు సులభము. ఆజ్ఞల స్థితిలో ఎమ్ అను ఆంగ్లాక్షరమును నొక్కి, పిమ్మట మనకిష్టమైన చిన్న బడి ఆంగ్లాక్షరమును నొక్కవలెను. కర్సరున్న చోటునకు ఆ అక్షరమే పేరగును. తరువాత ఎంత దూరము పోయినను, అపాస్ట్రఫీని నొక్కి ఆ అక్షరమును నొక్కినచో కర్సరు ఆ పంక్తి మొదటికి వచ్చి నిలుచును. అపాస్ట్రఫీకి బదులు, అంకెల వరుసకు ఎడమకొసనుండు వెనుకకు వాలిన గుర్తును నొక్కినచో విడిచిన అక్షరము కడకే వచ్చును.

ఒకనాటి సాయంకాలము నేను తొండము అను మాటకు అర్థము వ్రాయుచుంటిని. ఇది ఏనుగు తొండము కాదు. కపిలబానకు అడుగున కుట్టిన తోలుగొట్టము. బాన బావిలోనుండి పైకి వచ్చునంతవరకు ఆ గొట్టపు మూతిని ఒక సన్నత్రాడు పైకెత్తి పట్టియుంచునని వ్రాసితిని. ఒడ్డు చేరగనే ఆ మూతి తొట్టివైపు వంగి నీరు దుముకునని వ్రాయవలసియుండెను. ఇంతలో ఫోను మ్రోగినది. ఎనుబదియేండ్లు దాటిన రైతు ఒకరు మాటాడిరి. తొండమును గూర్చి నాకు చెప్పినవారును ఆయనయే.

“అయ్యవారూ, మొన్న మీరడిగిన మాట ఇప్పుడు గుర్తుకొచ్చింది. మళ్లీ మరిచిపోతానేమో, రాసుకోండి” అనిరి.

“చెప్పండి పెద్దయ్యా” అంటిని.

“దాన్ని కొండ్ర అంటాం. చేనంతా ఒక్కసారే దున్నరు గదా. ముందు కొంత మేర చుట్టూ సాలు తోలి, ఆ లోపల దున్నుకుంటా వస్తారు. ఆ మేరే కొండ్ర.”

వృద్ధుని జ్ఞాపకము మన తీరిక కొరకు వేచియుండదు. ఆయన చెప్పుచున్నపుడే వ్రాసికొనవలెను. కాని కొండ్ర యుండవలసిన చోటు తొండమునకు ఎన్నియో పుటల ముందు కలదు. తొండపు మూతిని పైకెత్తి పట్టిన వాక్యము అట్లే నిలిచిపోయినచో, చదువరికి నీరెన్నడును పారని కపిల మిగులును. నేను తొండము కడ ఒక గుర్తు నుంచి, కకారమునకు పోయి, ఆయన చెప్పినదంతయు చెప్పినట్లే వ్రాసికొంటిని. మేర ఎంతయుండునో, సాలు ఎటనుండి మొదలిడుదురో కూడ అడిగితిని. వెనుకటి వాక్యమేమగునో అను తొందర నాకు లేకుండెను. మాట ముగిసిన పిమ్మట రెండు మీటలు నొక్కగా, సగము వ్రాసిన వాక్యము నా కన్నులయెదుట నిలిచినది.

ఆ పెద్దాయన మరుసటి సంవత్సరము గతించిరి. కపిల తోలిన చేయి మా యూర మరియొకటి లేదు. కొండ్ర, తొండము అను రెండు మాటలును ఆయన చెప్పిన వివరములతో నా ఫైలులో నిండుగా నిలిచియున్నవి.

ఈ ఎడిటరు మనము కోరకయే కొన్ని స్థానములను జ్ఞాపకముంచుకొనును. వెనుకకు వాలిన గుర్తును వరుసగా రెండుమారులు నొక్కినచో, కడపటి దూకుడునకు ముందున్న చోటికి కర్సరు పోవును. మరల అట్లే నొక్కినచో ఇచ్చటికి తిరిగివచ్చును. సింహము కొంతదూరము నడచి, నిలిచి, వెనుకకు తిరిగి చూచునట. దీనినే మన శాస్త్రకారులు సింహావలోకన న్యాయమనిరి. ఆ న్యాయము కంప్యూటరులోను చెల్లుచుండుట చూచి నాకు ముచ్చట కలిగినది.

గుర్తు పెట్టుటకును పంక్తిసంఖ్యను కాగితముపై వ్రాసికొనుటకును గల భేదమును మీరు గ్రహింపవలెను. నూరవ పంక్తి అని వ్రాసికొన్న పిమ్మట పైన పది పంక్తులు చేర్చినచో, మనకు కావలసినది నూటపదవ పంక్తియగును. కాగితముపై సంఖ్య మాత్రము నూరుగనే యుండును. ఎడిటరులో పెట్టిన గుర్తు అట్లు కాదు. పంక్తి క్రిందికి జరిగినచో గుర్తును దానితో జరుగును. ఆ పంక్తినే తుడిచివేసినచో చిన్న బడి గుర్తు దానితో పోవును.

చిన్న బడి అక్షరముల గుర్తులు ఏ ఫైలునకు ఆ ఫైలునకే చెల్లును. పెద్ద బడి అక్షరముతో పెట్టిన గుర్తు, మనము మరియొక ఫైలులో నున్నను, తన ఫైలును తెరచి మరీ తన చోటికి కొనిపోవును. తగిన అమరిక యున్నచో ఎడిటరును మూసినను ఈ గుర్తులు విమ్‌ఇన్ఫో అను చిన్న ఫైలులో దాగియుండి మరునాటికి నిలుచును.

అయినను ఒక చిక్కు కలదు. ఎడిటరు మూసియున్నపుడు మరియొకరు వేరొక సాధనముతో ఆ ఫైలును మార్చినచో, దాచిన పంక్తిసంఖ్య తప్పగును. రిచర్డ్ స్టాల్‌మన్ రూపొందించి 1985లో లోకమునకిచ్చిన గ్నూ ఈమాక్స్ అను ఎడిటరులో దీనికొక చక్కని ఉపాయము కలదు. అందులోని బుక్‌మార్కు స్థానసంఖ్యతోపాటు ఆ చోటునకు ముందు వెనుకల నున్న కొన్ని అక్షరములను గూడ దాచుకొనును. సంఖ్య తప్పినను ఆ పొరుగు అక్షరములను వెదకి, వాని నడుమనున్న తన చోటును పట్టుకొనును. చెట్టుకొమ్మను చూపి ఆ పైనున్న చంద్రుని చూపుటను శాఖాచంద్ర న్యాయమందురు. ఇదియు అట్టిదే. మనము ఊరిలో ఇంటిని గుర్తుపట్టుటయు ఇంటి సంఖ్యనుబట్టి కాదు గదా! రావిచెట్టు ప్రక్క ఇల్లు, చెరువుగట్టు ఎదుటి ఇల్లు అనియే చెప్పుకొందుము.

గుర్తులుంచుట ఎంత సులభమో వానిని చక్కగా నిర్వహించుట అంత సులభము కాదు. విమ్‌లో ఒక ఫైలునకు మనము పెట్టదగిన చిన్న బడి గుర్తులు 26. ఇరువదియారింటిని వాడినచో, ఏది దేనికి పెట్టితిమో జ్ఞప్తియందుంచుకొనుటయే వేరొక పనియగును. కావున నేను కొన్నిటిని మాత్రమే వాడుదును. అసంపూర్తిగా విడిచిన చోటునకు ఏ అక్షరము, సందేహమున్న చోటునకు ఎస్ అక్షరము. పేరు వినగనే పని తెలియవలెను. వాడిన గుర్తునే మరియొక చోట పెట్టినచో పాతచోటు చెరిగిపోవునని ఎరిగి, పాతపని ముగిసిన పిమ్మటనే ఆ అక్షరమును మరల వాడుదును. కోలను గుర్తు పెట్టి మార్క్స్ అని ఆంగ్లమున టైపు చేసినచో గుర్తుల పట్టిక కనబడును. రాత్రి పని చాలించుటకు ముందు ఆ పట్టికను ఒక్కమారు చూచి, పని తీరినవానిని తొలగింతును. పొలమున పాత గట్టురాళ్లు చెదరియున్నచో సరిహద్దు తెలియుటకు మారు తగవులు పెరుగును. పనిలేని గుర్తులును అట్టివే.

బాలలారా! మీరు చదువుకొనునపుడు తల్లి పిలుచును, చుట్టము వచ్చును, మిత్రుడు సందేహమడుగును. వారిని విసుగుకొనవలదు. విడుచుచున్న చోట ఒక ఆనవాలుంచి లెండు. మీకెదురైన మాటను పూర్తిగా వినుడు. తిరిగివచ్చిన పిమ్మట ఆ ఆనవాలు మిమ్ము మీ చోటికి చేర్చును. అచ్చట సగములో నున్న వాక్యమును మాత్రము మీరే పూరింపవలెను.